ఉద్యోగస్థుని న్యాయవిద్యాభ్యాసము

తహశీల్దారు కచేరీలో దస్త్రములు సవరించువారు, బ్యాంకులో ఋణపత్రములు పరిశీలించువారు, పోలీసు ఠాణాలో పంచనామాలు వ్రాయువారు, బడులలో పాఠములు చెప్పువారు, మాదాపురమున కంప్యూటరుల ముందు రాత్రులను పగళ్లుగా గడపువారు, ఇట్లు భిన్నవృత్తులలో కుదురుకొని నెలజీతముపై సంసారయాత్ర సాగించుచున్న మనవారిలో, ఏదో యొకనాడు 'లా చదివిన బాగుండు'నను కోరిక తలయెత్తుట మిక్కిలి సాధారణము. ఆ కోరిక నిష్కారణముగా పుట్టునది కాదు. సర్వే నంబరులో ఒక్క అంకె తప్పుపడుటచేత ఏండ్ల తరబడి కచేరీల చుట్టు తిరిగిన రైతును కన్నులార చూచిన గుమాస్తాకును, బంధువుల అప్పునకు హామీ సంతకము చేసిన పాపమునకు తన యిల్లు వేలమునకు వచ్చినదని విలపించు ముదుసలిని ఓదార్పలేక తలవంచుకొన్న బ్యాంకు ఉద్యోగికిని, తమ దినచర్యకంతకును చట్టమే ఆధారమనియు, ఆ చట్టమును తాము అరకొరగా మాత్రమే ఎరుగుదుమనియు తెలిసివచ్చును. అట్లు తెలిసివచ్చినప్పుడు కలుగు జిజ్ఞాస గౌరవింపదగినది. వయస్సు మీరినదనియు, సంసారభారము కలదనియు చెప్పి దానిని అణచివేసికొనవలసిన పని లేదు. అయితే ఉద్యోగము చేసికొనుచు న్యాయశాస్త్రము నభ్యసింపబూనినవారిలో పెక్కురు చదువు కష్టమై కాక, ఆరంభించిన తీరు సరిగా లేకపోవుటచేతనే నడుమ విరమించుట నేను చూచియుండుటచే, ఈ అధ్యాయమున ఆ ఆరంభమును గూర్చియే విశేషముగా ముచ్చటింపదలచితిని.

మొట్టమొదట నిర్ణయించుకొనవలసినది ప్రయోజనము. పట్టా చేతికి వచ్చిన పిమ్మట మీరు నల్లకోటు తొడిగి న్యాయస్థానమున నిలువదలచితిరా? ఉన్న ఉద్యోగములోనే న్యాయవిభాగమునకు మారి పదోన్నతి పొందదలచితిరా? లేక ఏ ఫలమును ఆశింపక, చట్టము తెలిసిన పౌరులుగా జీవింపదలచితిరా? ఈ మూడును మంచి కోరికలే, కాని మూడింటికిని చెల్లింపవలసిన మూల్యము ఒకటి కాదు. 1961 నాటి న్యాయవాదుల చట్టము ననుసరించి ఏర్పడిన బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలో 49వ నియమమును అనుసరించి, వృత్తి సాగించు న్యాయవాది ప్రభుత్వమునకు గాని, సంస్థకు గాని, వ్యక్తికి గాని జీతము పుచ్చుకొను పూర్తికాలపు ఉద్యోగిగా ఉండరాదు. హిమాచల్ ప్రదేశ్ విద్యుత్ బోర్డు ఉద్యోగి యొకరు ఉద్యోగమును, న్యాయవాది పట్టాను రెంటిని నిలుపుకొనుటకు సుప్రీంకోర్టు వరకు పోగా, 2001లో ఆ న్యాయస్థానము అది చెల్లదని తేల్చినది. కనుక ఉద్యోగము చేసికొనుచు చదువవచ్చునేమో గాని, ఉద్యోగము చేసికొనుచు వకాలతు వేయుట కుదరదు. అట్లే, చదువు ముగించిన వెంటనే పరీక్ష వ్రాసి జూనియర్ సివిల్ జడ్జి కావచ్చునని ఆశపెట్టుకొన్నవారు, 2025 మే 20వ తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మరువరాదు. న్యాయసేవలో ప్రవేశస్థాయి పరీక్షకు కనీసము మూడేండ్ల న్యాయవాద వృత్తి ఉండవలెనను నియమమును ఆ తీర్పు పునరుద్ధరించినది. ఈ సంగతులు ముందే తెలిసికొని, 'ఏనాటికైనను ఉద్యోగము విడుతును' అనియో, 'ఎన్నటికిని విడువను' అనియో ఒక నిశ్చయమునకు వచ్చినవాడు సగము బరువు దించుకొన్నవాడగును.

ఇక అసలు విషయము. మనదేశమున న్యాయవాదవృత్తి కర్హత నిచ్చు లా చదువులో, జనులు వాడుకగా అనెడి 'పార్ట్ టైము' అనునది నేడు లేదు. పూర్వము ఢిల్లీ, బొంబాయి, హైదరాబాదు వంటి నగరములలో సాయంకాలపు తరగతులు నడచినవి. పగలంతయు కచేరీలో కలము నడిపి, దీపాలవేళకు తరగతిగదికి చేరి, అట్లు చదివి పేరుపొందిన వకీళ్లైనవారు కలరు. ఆ స్మృతి యింకను మన యిండ్లలో నిలిచియుండుటచేత, పెద్దలు నేటికిని 'సాయంత్రము కాలేజీకి పోయిరావచ్చునుగదా' అని యువకులను ప్రోత్సహించుచుందురు. కాని 2008 నాటి న్యాయవిద్యా నియమములు స్థితిని మార్చివేసినవి. ఆ నియమముల ప్రకారము మూడేండ్ల ఎల్.ఎల్.బి. ఆరు సెమిస్టరుల చదువు. ఒక్కొక్క సెమిస్టరు పదునైదు వారములకు తక్కువ కారాదు. వారమునకు ముప్పది గంటల బోధన జరుగవలెను. తరగతులు ఉదయము 8 గంటలకు, సాయంకాలము 7 గంటలకు నడుమ నడువవలెను. విద్యార్థికి ప్రతి విషయమునందును నూటికి 70 వంతుల హాజరు ఉండవలెను. దూరవిద్య ద్వారమున పొందిన లా పట్టా న్యాయవాదిగా నమోదగుటకు పనికిరాదు.

ఈ అంకెలను ఒక్కమారు కాగితముపై వేసి చూడుడు. పదునైదు వారములు, వారమునకు ముప్పది గంటలు, మొత్తము 450 గంటలు. అందు 70 వంతులు 315 గంటలు. ఆరు సెమిస్టరులకు కలిపి 1,890 గంటలు. వారమునకు ఇరువదియొక్క గంటలు. ఆదివారము మినహాయించి దినమునకు మూడున్నర గంటలు మీరు కళాశాలలో శరీరముతో హాజరుకావలెను. ఇది కనిష్ఠము, రాకపోకల కాలము, ఇంటివద్ద చదువు, పరీక్షల దినములు ఇందులో చేరలేదు. ఉదయము 8 గంటలకే తరగతులారంభించు కళాశాల దగ్గరలో నుండి, మధ్యాహ్నము పండ్రెండు గంటలకో ఒంటిగంటకో ఆరంభమగు ఉద్యోగమైనచో ఈ లెక్క పొసగును. రాత్రివిధులు నిర్వహించువారికి కొంత కష్టముతో పొసగును. ఉదయము పదిన్నర మొదలు సాయంకాలము అయిదు వరకు కుర్చీ విడువరాని ఉద్యోగమైనచో, దీర్ఘకాలపు సెలవు లేనిదే పొసగదు. నా సలహా యేమనగా, లా చదువవలెనను తలంపు కలిగిననాడు పుస్తకములు కొనవద్దు, కోచింగు కేంద్రములకు పోవద్దు. మొదట ఈ గంటల లెక్కను మీ వృత్తికి, మీ యూరికి, మీ యింటికి అన్వయించి చూచుకొనుడు.

లెక్క కుదరనివారికి మన సమాజమున ఒక దొడ్డిదారి చూపువారు ఎల్లప్పుడును సిద్ధముగా నుందురు. 'తరగతులకు రానక్కరలేదు, ఫీజు కట్టి పరీక్షలనాడు వచ్చిన చాలును, హాజరు సంగతి మేము చూచుకొందుము' అని వారు చెప్పుదురు. ఈ మాటకు లోబడి చేరినవారు వేలకొలది కలరనుట అందరెరిగిన సంగతియే. అట్లు చేరినవారిని నిందించుట నా ఉద్దేశము కాదు. వారిలో పెక్కురు బుద్ధిమంతులు, కష్టజీవులు, ఆ మార్గము తప్ప వేరు మార్గము లేదని నమ్మినవారు. కాని వారికి నేను చెప్పదలచిన మాట ఒక్కటి కలదు, ఈ అధ్యాయమంతయు ఆ మాట కొరకే వ్రాయుచున్నాననినను తప్పులేదు. ఒక సోమవారమునాడు ఉదయము పదిన్నర గంటలకు మీ కచేరీ హాజరుపట్టీలో మీ సంతకమున్నది. అదే సోమవారము అదే పదిన్నరకు, నలువది మైళ్ల దూరమున నున్న కళాశాల పట్టీలో కాంట్రాక్టు చట్టపు తరగతికి మీరు హాజరైనట్లు వేరొక సంతకమున్నది. ఈ రెంటిలో ఒకటి అబద్ధము. అట్టి సోమవారములు మూడేండ్లపాటు పేరుకొనును. ఆ రెండు పట్టీలను ఒక బల్లపై ప్రక్కప్రక్కన పెట్టగల వ్యక్తి ఒక్కడు, పదోన్నతిలో మీతో పోటీపడినవాడు కావచ్చును, కోర్టులో మీచే ఓడినవాడు కావచ్చును, పుట్టుకొని వచ్చిననాడు, మీ ఉద్యోగమును, మీ పట్టాయును ఒక్కమారే సంశయములో పడును. న్యాయవాదుల చట్టము 26వ సెక్షను, వంచనచేతనో ముఖ్యవిషయమును తప్పుగా చెప్పుటచేతనో న్యాయవాదుల పట్టికలో చేరినవారి పేరును తొలగించు అధికారమును బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఇచ్చియున్నది. 2024 సెప్టెంబరులో ఆ కౌన్సిలు కళాశాలలకు పంపిన సర్క్యులరులో, విద్యార్థి తాను ఉద్యోగములో ఉన్నాడో లేదో ప్రకటింపవలెననియు, ఉన్నచో యజమాని నుండి నిరభ్యంతర పత్రము తేవలెననియు, హాజరును వ్రేలిముద్ర యంత్రములతో నమోదు చేయవలెననియు ఆదేశించినది.

శిక్షాభయమును అటుంచుడు. సాక్షి చెప్పినది సత్యమా అసత్యమా అని జీవితమంతయు పరీక్షింపబోవు మనుష్యుడు, ఆ విద్యలో ప్రవేశించు మొదటి దినముననే అసత్యపు సంతకముతో ప్రవేశించుట మనస్సునకు ఎట్లు సమ్మతమగును? తరగతికి పోని విద్యార్థి ఆ యబద్ధమును కప్పిపుచ్చుటకు కచేరీలో సహోద్యోగులవద్ద, కళాశాలలో అధ్యాపకులవద్ద ముఖము చాటుచేసికొనుచుండును. సందేహము కలిగినప్పుడు అడుగుటకు గురువు లేడు, చర్చించుటకు తోటివాడు లేడు. అట్లు గడచిన మూడేండ్లలో అతనికి దక్కునది పట్టాకాగితము మాత్రమే.

కనుక దాపరికము లేని మార్గమును వెదకుడు. ఆ మార్గము కలదు. ఓపిక కావలెను, అంతియే. ప్రభుత్వోద్యోగియైనచో, చేరుటకు ముందే, మీ పై అధికారి ద్వారమున, క్రమపద్ధతిలో, వ్రాతమూలకమైన అనుమతి కోరవలెను. ఆ దరఖాస్తులో కళాశాల పేరు, తరగతుల వేళలు, అవి మీ విధులకు అడ్డురాని విధము, పరీక్షల దినములకు మీరు వాడుకొనదలచిన సెలవుల వివరము స్పష్టముగా పేర్కొనుడు. ఆ దరఖాస్తు ప్రతిపై కచేరీవారి స్వీకారముద్ర వేయించుకొని భద్రపరచుడు. 'సార్, లా చదువుకొందునండీ' అని నోటిమాటగా చెప్పి, ఆయన తల యూపినంత మాత్రమున అనుమతి వచ్చినదని తలంచుట ప్రమాదము. ఆయన బదిలీయైన మరునాడు ఆ తలయూపునకు సాక్ష్యము లేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు సెలవు నియమములలో అధ్యయన సెలవు అనునది కలదు. అయిదేండ్ల సేవ పూర్తియైనవారికి, తమ విధులతో సన్నిహిత సంబంధముగల చదువునకై, సర్వీసు మొత్తములో సాధారణముగా ఇరువదినాలుగు నెలల వరకు దానిని మంజూరు చేయవచ్చును. అడుగుట హక్కుగా కాక, ప్రయోజనమును నిరూపించి అడుగవలెను. రాష్ట్రోద్యోగులు తమ తమ నియమములను, ముఖ్యముగా జీతములేని అసాధారణ సెలవును గూర్చిన నియమములను, సర్వీసు పుస్తకము నిర్వహించు గుమాస్తావద్ద కూర్చుండి చదువుకొనవలెను.

ప్రైవేటు సంస్థలలో పనిచేయువారు తమ నియామకపత్రమును మరల తీసి చూడవలెను. అనుమతి లేనిదే అన్యవ్యాపకములు చేపట్టరాదని అందు సామాన్యముగా ఉండును. చదువు ఆ మాటలో చేరునో చేరదో ఊహించుటకంటె, మానవవనరుల విభాగమునకు ఒక ఉత్తరము వ్రాసి సమాధానము తెప్పించుకొనుట మేలు. ఎంత యత్నించినను ఈ మూడేండ్లు కుదరనిచో, ప్రయోజనము వకాలతు కానివారికి వేరు దారులు కలవు. హైదరాబాదు నందలి నల్సార్ విశ్వవిద్యాలయము దూరవిద్యగా పేటెంటు చట్టములు, సైబరు చట్టములు మొదలగు విషయములలో స్నాతకోత్తర డిప్లొమాలు నడుపుచున్నది. వానివలన న్యాయవాది కాజాలరు గాని, తమ వృత్తికి కావలసిన చట్టజ్ఞానమును గౌరవముగా, ఎవరికిని తలవంచక సంపాదించుకొనవచ్చును. కొందరికి ఇదియే సరియైన మార్గమని నా దృఢాభిప్రాయము.

ప్రవేశపరీక్షను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. తెలంగాణమునను ఆంధ్రప్రదేశమునను వేరువేరుగా జరుగు లాసెట్ పరీక్షలో 120 ప్రశ్నలు, తొంబది నిమిషముల కాలము. సగము ప్రశ్నలు న్యాయశాస్త్రాభ్యాసమునకు కావలసిన అభిరుచిని పరీక్షించునవి, తక్కిన సగము సామాన్యజ్ఞానము, వర్తమాన విషయములు. తప్పు సమాధానమునకు మార్కులు తగ్గింపరు. దినపత్రికను శ్రద్ధగా చదువు అలవాటు గలవాడు, రాజ్యాంగమునందలి ప్రాథమిక హక్కుల భాగమును రెండుమూడు పర్యాయములు చదివినచో, ఇది భయపడవలసిన పరీక్ష కాదు. సీటు వచ్చుట కష్టము కాదు. మంచివేళలు గల కళాశాలలో సీటు వచ్చుట కష్టము. కనుక ర్యాంకు కొరకు శ్రమించుటలో అర్థము కలదు.

చదువు విషయమునకు వచ్చినచో, ఉద్యోగస్థుడు తనకంటె పదేండ్లు చిన్నవారైన సహాధ్యాయుల నడుమ కూర్చుండి, తాను వెనుకబడినవాడనని కుంగుట నిష్కారణము. చట్టము లోకవ్యవహారమునుండి పుట్టినది. లోకవ్యవహారము అతనికి ముందే తెలియును. ఆస్తి బదిలీ చట్టము 54వ సెక్షను, నూరు రూపాయలు గాని అంతకు మించి గాని విలువగల స్థిరాస్తి విక్రయము రిజిస్టరు దస్తావేజు మూలముననే జరుగవలెనని చెప్పునప్పుడు, కళాశాలకు తిన్నగా వచ్చిన యువకునికి అది కంఠస్థము చేయవలసిన వాక్యము. రెవెన్యూ ఉద్యోగికో, తెల్లకాగితముపై సాదాబైనామా వ్రాయించుకొని పొలము దున్నుకొనుచు, పట్టా రాక బాధపడిన రైతుల ముఖములు ఆ వాక్యములో కనబడును. బ్యాంకు ఉద్యోగికి చెక్కు చెల్లకపోవుటను గూర్చిన 138వ సెక్షను దినదినానుభవము. పోలీసు ఉద్యోగికి ప్రథమ సమాచార నివేదిక ఎట్లు వ్రాయబడునో, ఎట్లు వ్రాయబడకుండునో కూడ తెలియును. ఈ అనుభవమును పాఠముతో జోడించి చదువువానికి జ్ఞాపకముంచుకొనుట యను ప్రత్యేకమైన శ్రమ చాలవరకు తగ్గిపోవును.

దీనిని కొంత దగ్గరగా చూపెదను. మొదటి సెమిస్టరులో కాంట్రాక్టు చట్టము వచ్చును. 1872 నాటిది, నేటికిని అమలులో నున్నది. దాని బేర్ యాక్టు, అనగా వ్యాఖ్యానములేని మూలచట్టపు చిన్నపుస్తకము, ఒకటి కొని, దాని ప్రక్కన మీ నియామకపత్రమును పెట్టుకొనుడు. రెండవ సెక్షనులో ప్రతిపాదన, అంగీకారము, ప్రతిఫలము అను వానికి నిర్వచనములున్నవి. మీ పత్రములో ఏ వాక్యము ప్రతిపాదన, మీరు ఏ దినమున ఏ విధముగా అంగీకరించితిరి, ప్రతిఫలమేది అని పెన్సిలుతో గుర్తింపుడు. పదవ సెక్షనుకు వచ్చి, ఒప్పందము చెల్లుబాటగుటకు కావలసిన అంశములన్నియు మీ పత్రమునకు కలవా అని పరిశీలింపుడు. పిదప 27వ సెక్షను: వృత్తివ్యాపారములను నిరోధించు ఒప్పందములు ఆ మేరకు చెల్లవని అది చెప్పును. మీ పత్రములో 'మూడేండ్లు పనిచేయనిచో ఇంత సొమ్ము చెల్లింపవలెను' అను బాండు షరతు ఉన్నచో, అది 27వ సెక్షనునకు విరుద్ధమా? విరుద్ధమేయని మీకు మొదట తోచును. అప్పుడు విజయా బ్యాంకు వ్యాజ్యమున 2025లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును చదువుడు. మూడేండ్లలోపల రాజీనామా చేసినచో రెండు లక్షల రూపాయలు చెల్లింపవలెనను అట్టి షరతునే ఆ న్యాయస్థానము సమర్థించినది, ఉద్యోగములో ఉన్న కాలమునకు వర్తించు నియమమునకును, ఉద్యోగము విడిచిన పిదప బ్రదుకుదెరువును అడ్డగించు నియమమునకును గల భేదమును వివరించినది. మీ తొలి యభిప్రాయము ఎక్కడ తప్పిపోయినదో అప్పుడు మీకు తెలియును. గైడు పుస్తకములోని పది పుటల ప్రశ్నోత్తరములు ఈ ఒక్క సాయంకాలపు చదువునకు సాటిరావు.

తీర్పులను చదువుట మొదట దుర్గమముగా తోచును. వెనుకటి ఇంగ్లీషు వాక్యములు పొడవైనవి, న్యాయమూర్తులు ఉదాహరించు పూర్వనిర్ణయములు అనేకములు. అయినను కథను ముందు పట్టుకొన్నచో తక్కినది తనంత తాను వచ్చును. కలకత్తాలో 1895లో ధర్మదాసు ఘోషు అను మైనరు, బ్రహ్మదత్తు అను వడ్డీవ్యాపారికి ఇరువదివేల రూపాయలకు తన యాస్తిని తనఖా వ్రాసియిచ్చెను. ఆ వ్యాపారి తరపున వ్యవహారము నడిపిన న్యాయవాదికి అతడు మైనరని ముందే తెలియును. పిదప ఆ తనఖాను రద్దుచేయుమని మైనరు పక్షమున దావా పడెను. వ్యాపారి మరణింపగా అతని భార్య మోహరీబీబీ వ్యాజ్యమును కొనసాగించెను. 1903లో ప్రీవీ కౌన్సిలు, మైనరు చేసిన ఒప్పందము ఆదినుండియు చెల్లదని నిర్ణయించెను. ఇంతవరకు తెలిసినచో ఇంటిలో పిల్లలకు గూడ చెప్పవచ్చును. చెప్పి చూడుడు. చెప్పునప్పుడు వారు 'మరి తీసికొన్న సొమ్ము తిరిగి యియ్యనక్కరలేదా?' అని అడిగిననాడు, ఆ ప్రశ్నయే ఆ తీర్పులో తరువాతి భాగమని మీరు గ్రహింతురు.

ఒక హెచ్చరిక. 2024 జూలై 1వ తేదీ మొదలు శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత, క్రిమినల్ ప్రొసీజరు కోడు స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహిత, సాక్ష్యచట్టము స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినవి. ఫుట్‌పాత్‌లపై తక్కువ వెలకు దొరకు పాతపుస్తకములను నమ్మి, హత్యకు 302వ సెక్షనని పరీక్షలో వ్రాయువారు ఇంకను కలరు. నేడది 103వ సెక్షను. అట్లని పాతదానిని బొత్తిగా మరువరాదు, ఏలయన 2024 జూలైకి పూర్వము జరిగిన నేరముల విచారణలు పాతచట్టము క్రిందనే సాగుచున్నవి. సెక్షనులు రెంటిని ఒక పట్టికగా స్వహస్తముతో వ్రాసికొనుట మేలు.

తెలుగు మాధ్యమమున చదివివచ్చినవారు ఇంగ్లీషునకు వెరచుట సహజము. రాజ్యాంగము 348వ అధికరణము ననుసరించి హైకోర్టు, సుప్రీంకోర్టు వ్యవహారములు ఇంగ్లీషునందే నడచును గనుక ఈ భాషను తప్పించుకొనుట వీలుకాదు. కాని క్రిందికోర్టులలో సాక్షి నోట వచ్చునది తెలుగు. గ్రామీణుని పలుకులోని అభిప్రాయమును యథాతథముగా గ్రహింపగల శక్తి ఇంగ్లీషుబడులలో చదివినవారికంటె మీకే ఎక్కువ. దినమునకు ఒక పుట తీర్పును బిగ్గరగా చదివి, దాని సారమును మొదట తెలుగున, పిదప చిన్న ఇంగ్లీషు వాక్యములలో వ్రాయుచు పోయినచో, ఒక సంవత్సరములో భయము విడిపోవును.

ఇంటిని గూర్చి చెప్పక ఈ అధ్యాయమును ముగింపరాదు. ఉద్యోగమునకు, కళాశాలకు నడుమ నలుగుచున్నవాని యింటిలో తక్కినవారు అతని కొరకు మౌనముగా చేయు త్యాగము ఎవరి లెక్కలోను చేరదు. పురుషుడు చదువునప్పుడు భార్య కాఫీ యందించి, పిల్లలను నిశ్శబ్దముగా నుంచుట మన యిండ్లలో సహజముగా జరిగిపోవును. ఉద్యోగము చేయు గృహిణి లా చదువబూనినచో మాత్రము, వంటయు, పిల్లల పాఠములును, అత్తమామల మందులును యథాప్రకారము ఆమె మీదనే యుండి, చదువు అందరు నిద్రించిన పిదపనే ఆరంభము కావలసివచ్చును. ఇది అన్యాయము. న్యాయశాస్త్రము చదువు ఇంటిలో ఈ యన్యాయము సాగరాదు. చేరుటకు ముందే భార్యాభర్తలు కూర్చుండి, ఎవరి పనులు ఎవరు పంచుకొందురో, ఏ ఖర్చులు తగ్గింపవలెనో, ఏ శుభకార్యములకు పోజాలరో నిష్కర్షగా మాటలాడుకొనవలెను. మీ అన్నగారి గృహప్రవేశము పరీక్షలనాడే పడవచ్చును; రాలేనని ముందుగా చెప్పినచో వారికి కష్టము తోచినను నిష్ఠురము మిగులదు. నిద్రను మాత్రము తగ్గించుకొనవలదు. రాత్రివిధి ముగించుకొని, కన్నులు మండుచుండగా మోటారుసైకిలుపై కళాశాలకు పరుగెత్తువారిని చూచినప్పుడు నాకు గుండె ఝల్లుమనును. అలసిన దినమున తరగతి మానుటయే వివేకము. డెబ్బది వంతుల నియమములో మిగిలిన ముప్పది వంతులు అట్టి దినముల కొరకే యుంచుకొనుడు, పెండ్లిండ్లకును పండుగలకును వెచ్చింపకుడు.

మూడేండ్ల చదువులో పండ్రెండు వారముల ఇంటర్న్‌షిప్పు నియమమున్నది. చాలమంది ఉద్యోగస్థులు ఈ సంగతిని చివరి యేట తెలిసికొని తొట్రుపడుదురు. మొదటి సంవత్సరమునుండియే ఆర్జిత సెలవులను కూడబెట్టి, సంవత్సరమునకు నాలుగు వారములుగా దానిని పూర్తిచేయుట ఉత్తమము. పట్టణములోని జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో, పది గంటల ముప్పది నిమిషములకు బంట్రోతు కేసులు పిలుచుట మొదలిడునప్పుడు, వెనుక బల్లపై కూర్చుండి వినుడు. వాయిదా యడుగు న్యాయవాది ఏ కారణము చెప్పునో, న్యాయాధికారి దేనికి సమ్మతించి దేనికి కసురుకొనునో, కక్షిదారు చేతిలోని సంచిని ఎంత గట్టిగా పట్టుకొని నిలుచునో గమనింపుడు. సివిల్ ప్రొసీజరు కోడు తరగతిలో నిద్ర తెప్పించు విషయమని పేరు. ఆ బల్లపై కూర్చున్నవానికి నిద్ర రాదు.

పట్టా వచ్చిన పిదప సంగతి కొలదిగా చెప్పెదను. రాష్ట్ర బార్ కౌన్సిలులో నమోదగుటకు చట్టము నిర్ణయించిన రుసుము 750 రూపాయలు, షెడ్యూలు కులములవారికి, తెగలవారికి 125 రూపాయలు. ఇంతకు మించి వసూలు చేయరాదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న తీర్పుచెప్పినది. అటుపిమ్మట ఆలిండియా బార్ పరీక్ష. నూరు ప్రశ్నలు, వ్యాఖ్యలులేని బేర్ యాక్టులను వెంట తీసికొనిపోవచ్చును. నమోదైననాటినుండి జీతపు ఉద్యోగము నిలువదు గనుక, వృత్తిలో ప్రవేశింపదలచినవారు కనీసము ఒక సంవత్సరము సంసారము నడుచునంత ధనము చేతనుంచుకొని రాజీనామా చేయవలెను. జూనియరులకు సీనియరులిచ్చు భృతి స్వల్పము. 2024 అక్టోబరులో బార్ కౌన్సిలు నగరములలో నెలకు ఇరువదివేలు, గ్రామప్రాంతములలో పదునైదువేలు ఇయ్యవలసినదని సూచించినది గాని, అది సిఫారసు మాత్రమే. అయినను వెరవనక్కరలేదు. టంగుటూరి ప్రకాశము పంతులుగారు రాజమహేంద్రవరమున రెండవ తరగతి ప్లీడరుగా పేరుపొంది, స్థిరపడిన పిదప, దానితో తృప్తిపడక లండనునకు పోయి బారిస్టరై తిరిగివచ్చిరి. నడివయసులో మరల విద్యార్థియగుట మన జాతికి క్రొత్త గాదు.

కనుక చదువరీ, ఈ సంవత్సరపు లాసెట్ ప్రకటన వెలువడులోపల ఒకనాడు సెలవు పెట్టి, మీకు అందుబాటులోనున్న కళాశాలలకు స్వయముగా పొండు. అక్కడి సమయపట్టికను వ్రాసికొనుడు. తరగతులు నిజముగా జరుగుచున్నవో లేవో, గదుల ముందు నిలిచి కన్నులార చూడుడు. హాజరు సంగతి తామే చూచుకొందుమని చెప్పు చోటినుండి నమస్కరించి బయటికి రండు. ఆ సమయపట్టికతో మీ పై అధికారిని కలిసి, అనుమతి దరఖాస్తును ఆయన చేతికిచ్చి, స్వీకారముద్ర వేయించుకొనుడు.